వాకాడుకు తగినట్టు కత్తిరించడమైనది

ఆ సంగతులు మన సంస్కృతిలో బయటికి మాట్లాడరు. ఫ్లెక్సీ మాత్రం వేస్తారు.

శ్రీహరికోట పక్కన మా వాకాడు మండలంలో, సెంటర్లో కానీయండి, కోట రోడ్డులో కానీయండి, సముద్రం ఒడ్డు పట్టపుపాలెంలో కానీయండి, ఏడో తరగతి పిల్ల పెద్దమనిషి అయిందంటే తెల్లారేసరికి కరెంటు స్తంభాల మధ్య ఫ్లెక్సీ లేస్తుంది. నడిమధ్యన పట్టుపరికిణీ, పూలజడతో పిల్ల. పైన ఇష్టదైవం. ఆ పైన నాయకులు, దేవుడికంటే కాస్త పెద్ద సైజులో. కింద వరసగా మేనమామలు, నల్లకళ్లద్దాలతో. విందు ఎన్ని గంటలకో, వేదిక ఎక్కడో, తేదీ వారంతో సహా ఉంటుంది. సాయంత్రం మైకులో చదివింపులు మొదలవుతాయి. పెద్దమామ ఎంత, చిన్నమామ ఎంత, రొయ్యల మేత కొట్టు సేటు ఎంత అన్నది మూడు వీధులకు వినబడుతుంది. పిల్ల ఒంట్లో ఏం జరిగిందో మండలమంతా ఎరుగును. ఎరగనిది ఒక్కతే. స్టేజీ మీద సింహాసనం లాంటి కుర్చీలో, మెడ తిప్పలేనంత పూలదండల్లో కూర్చున్న ఆ పిల్ల. దానికి చెప్పిందల్లా ఇదీ: ఊరగాయ జాడీ ముట్టుకోవద్దు, మిట్టమధ్యాహ్నం గడప దాటొద్దు, పక్కన ఇనుపముక్క పెట్టుకో, చిమ్మిలి తిను. ఎందుకమ్మా అంటే, "నోరు మూసుకో మేయ్, పెద్దదానివయ్యావు."

ఇంత బహిరంగంగా సిగ్గుపడే జాతి భూమ్మీద ఇంకోటి ఉండదు.

ఇదే ఊళ్లో ఎవరైనా వచ్చి, ఈ పిల్లకు దాని ఒంటి సంగతి బడిలో నలభై నిమిషాలు చెబుదామంటే, ఫ్లెక్సీలో ఉన్న మేనమామలంతా ఒక్కసారిగా కళ్లద్దాలు తీసి చూస్తారు. "పిల్లలు చెడిపోతారండీ!"

చెడిపోకుండా కాపాడే పని ఢిల్లీ నుంచే మొదలైంది. 2005లో కేంద్ర మానవ వనరుల శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం తెచ్చాయి. ఎదిగే ఒళ్లు, ఎదిగే మనసు, హెచ్‌ఐవీ, వేధింపులొస్తే ఏం చేయాలి, ఇదీ అందులోని సరుకు. 2007 నాటికి దేశం అదిరిపడింది. మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, మధ్యప్రదేశ్ సహా అనేక రాష్ట్రాలు తలుపులు వేసేశాయి. గొడవ రాజ్యసభ పిటిషన్ల కమిటీ దాకా పోయింది. ఆ కమిటీకి అధ్యక్షులు పరాయివారు కారు, మన నెల్లూరు జిల్లా చవటపాలెంలో పుట్టిన ముప్పవరపు వెంకయ్యనాయుడు గారే. 2009లో వారిచ్చిన నివేదిక సారం: ఈ దేశపు సామాజిక, సాంస్కృతిక విలువల్లో లైంగిక విద్యకు చోటే లేదు. పెళ్లికి ముందు ఆ పని అనైతికం, అనారోగ్యకరం అని పిల్లలకు చెబితే చాలు. ఒంటి ఎదుగుదల, హెచ్‌ఐవీ పాఠాలు అంతగా కావాలంటే ప్లస్ టూలో జీవశాస్త్రంలో పెట్టుకోవచ్చు.

ఎంత శాస్త్రీయం! ఇంటర్లో జీవశాస్త్రం చదివేది బైపీసీ పిల్లలు. అంటే, వాకాడు మండలంలో ఎంపీసీ తీసుకున్న వాడికి మీసం రాదు. సీఈసీ పిల్లకు నెలసరి రాదు. ఐటీఐ ఫిట్టరుకు కోరికలుండవు. ఏడో తరగతిలో బడి మానేసి రొయ్యల గుంట కాపలాకు పోయిన యానాది కుర్రాడైతే, నలభై ఏళ్లొచ్చినా పసివాడే. యవ్వనానికి అర్హత పరీక్ష పెట్టి, ఐచ్ఛికాంశం కూడా నిర్ణయించిన ఘనత మనది.

ప్లస్ టూ దాకా ఆగమని కమిటీ చెప్పింది. పెళ్లిళ్ల పేరయ్య మాత్రం ఆగలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. 15-19 ఏళ్ల పిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులు, లేదా కడుపుతో ఉన్నారు. దేశం మొత్తానికి ఆ లెక్క 6.8. చదువుల్లో, సాఫ్ట్‌వేరులో దేశానికి ముందున్నామని చెప్పుకుంటాం కదా, ఇందులోనూ ముందే ఉన్నాం. వయోజనుల్లో హెచ్‌ఐవీ ఉన్నవారు 2021 అంచనాల్లో దేశంలో 0.21 శాతమైతే, మన రాష్ట్రంలో 0.67. మన సంస్కృతిలో చోటు లేనిది పాఠానికి మాత్రమే. రోగానికీ పురుడుకీ సంస్కృతి అడ్డం చెప్పినట్టు లేదు.

"చేయవద్దని చెబితే చాలు" అన్న మందు మన కమిటీ కనిపెట్టిందీ కాదు. అమెరికావాళ్లు 1996 నుంచి ఆ మంత్రానికి ప్రత్యేకంగా చట్టం చేసి మరీ డాలర్లు పోశారు. డబ్బు పోసినవాళ్లకు ఒక దురలవాటు ఉంది, లెక్క అడుగుతారు. వాళ్ల పార్లమెంటే అడిగి చేయించిన మూల్యాంకనం 2007లో వచ్చింది. అలాంటి నాలుగు కార్యక్రమాల్లో చేరిన పిల్లలనూ చేరని పిల్లలనూ ఏళ్ల తరబడి వెంబడించి చూస్తే, ఇద్దరికీ తేడా లేదు. మొదలుపెట్టిన వయసు కూడా ఒకటే. అక్కడ పనికిరాదని తేలిన రెండేళ్లకు ఇక్కడ మనం దాన్ని మన ప్రాచీన విలువగా స్వీకరించాం. విదేశీ సరుకు మీద మనకంత మోజు.

ఆ తర్వాత ప్రభుత్వాలు ఊరుకోలేదు, పాపం. 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. 10 నుంచి 19 ఏళ్ల పిల్లలందరికీ, బడిలో ఉన్నా లేకపోయినా. ప్రతి ఊళ్లో ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు తోటి పిల్లలకు చెప్పేవాళ్లుగా ఉండాలి, అందులో సగం మంది బడి మానేసిన పిల్లల కోసం ఉండాలి. కాగితం మీద చదివితే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద బడి ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. పదకొండు అంశాలు, ప్రతి బడికీ ఇద్దరు టీచర్లు ఆరోగ్య రాయబారులు, వారానికో రోజు. పునరుత్పత్తి ఆరోగ్యం, హెచ్‌ఐవీ నివారణ అందులో తొమ్మిదోది. ఎనిమిది అంశాలు నిదానంగా, మనసు పెట్టి చెబితే తొమ్మిదోది వచ్చేసరికి వేసవి సెలవులొస్తాయి. చేతులు కడుక్కోవడం మీద ఇంత శ్రద్ధ ఇంకే దేశంలోనూ ఉండదు.

ఇక ఆ రాయబారి. ఆయన సైన్సు మాస్టారు. పదో తరగతి పాఠంలో మందార పువ్వు బొమ్మ వేస్తాడు. ఎర్ర సుద్దతో రేకలు, పసుపు సుద్దతో పుప్పొడి. బోర్డు మీద నుంచి తెంపుకొని జడలో పెట్టుకోవచ్చు, అంత బాగా వేస్తాడు. అండం, కీలాగ్రం, పరాగసంపర్కం అన్నీ గొంతెత్తి చెబుతాడు. వెనక బెంచీలో ఒకడు లేచి, "సార్, తరవాత పేజీ?" అంటాడు. మాస్టారు కిటికీలోంచి స్వర్ణముఖి బ్యారేజీ వైపు చూస్తాడు. "అది ఇంటికాడ చదువుకోండి. పరీక్షలో రాదు." క్లాసు కిసుక్కుమంటుంది. మర్నాడు అనువంశికత మొదలు. పిల్లలు ఎలా పుడతారన్నది దాటేసి, పుట్టినవాడికి నాన్న ముక్కు ఎలా వచ్చిందో చెబుతాడు.

రాయబారమంటే మన జనానికి కొత్త కాదు. పద్యనాటకాల్లో తెల్లవార్లూ చూశాం. కురుసభలో శ్రీకృష్ణుడి రాయబారం ఫలించలేదు, నిజమే. కానీ వెళ్లిన పనేమిటో నోరు తెరిచి చెప్పాడు కదా! మాస్టారినని లాభం లేదు. ఆయనకు శిక్షణ ఇచ్చినవాళ్లూ మందారం దగ్గరే ఆగారు. ఆ పేజీ చెబితే రేపు ఊరి పెద్దలు బడి గేటు దగ్గరికొస్తారు, పైఅధికారి ఫోను ఎత్తడు. చెప్పకపోతే ఎవరూ రారు. ఏ మాస్టారైనా ఏం చేస్తాడు?

మన దగ్గర స్థానిక పరిస్థితులకు తగినట్టు కార్యక్రమాన్ని మలచడం అంటే ఇదే. ఒక్కొక్కరూ ఒక్కో ముక్క కత్తిరించడం. ఢిల్లీలో బొమ్మలు తీశారు, పిల్లలు చూస్తారని. తర్వాతి గదిలో మాటలు తీశారు, పిల్లలు వింటారని. ఇంకో గదిలో ప్రశ్నలు తీశారు, పిల్లలు అడుగుతారని. జీపు వాకాడు చేరేసరికి మిగిలింది బ్యానరు, బిస్కెట్ ప్యాకెట్లు, సంతకాల పుస్తకం. దానికి అభ్యంతరం చెప్పేవాడు లేడు కాబట్టి అది మన సంస్కృతికి సరిపోయినట్టు లెక్క.

మూల్యాంకనం ఇంకా ముచ్చటైన తంతు. కార్యక్రమానికి ముందు ఒక పరీక్ష, తర్వాత ఒక పరీక్ష. రెండూ ఒకే పూట, ఒకే పెన్నుతో, చాలాచోట్ల ఒకే చేతిరాతతో. "ఈ కార్యక్రమం మీకు ఉపయోగపడిందా?" దానికి రెండు గళ్లు: అవును, చాలా. అమ్మాయిలు ముందు వరసలో తల వంచుకుంటారు. తల వంచుకోవడాన్ని అంగీకారంగా నమోదు చేస్తారు. అబ్బాయిలను ఆవరణలో క్రికెట్‌కు పంపేస్తారు, గర్భానికీ వాళ్లకూ ఏం సంబంధం? చివర గ్రూపు ఫోటో, అక్షాంశ రేఖాంశాలతో సహా. ఆ పిల్లలు అక్కడ ఉన్నారని శాటిలైట్ సాక్ష్యం చెబుతుంది. వాళ్లకేం తెలిసిందో చెప్పే శాటిలైట్ పక్కనున్న శ్రీహరికోట నుంచి కూడా ఇంతవరకు పోలేదు.

లెక్కపెట్టగలిగింది మాత్రం జరుగుతుంది, ఒప్పుకోవాలి. 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' పేరుతో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు నెలకు పది శానిటరీ ప్యాడ్లు ఇవ్వడం మొదలైంది. మంచిపని. ఎందుకు జరిగింది? ప్యాడ్లను పది అని లెక్కపెట్టొచ్చు. పిల్ల భయం ఎంత తగ్గిందన్న దానికి రిజిస్టరులో గడి లేదు.

ఈ లెక్కల విద్యలో మనకు పాత అనుభవమే ఉంది. ముప్పై ఏళ్లు దాటినవారికి చెప్పనక్కర్లేదు, 2003 ప్రాంతంలో రాష్ట్రమంతా గోడలు, హోర్డింగులు ఒకటే ప్రశ్న: "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" పిల్లాడి నుంచి ముసలాయన దాకా నోటికొచ్చింది. బస్సులో కాస్త సోకుగా కనిపించిన ప్రతివాడూ పులిరాజా అయ్యాడు. ప్రచారం గుర్తుందా అని అడిగితే నూటికి నూరు మార్కులు వస్తాయి. అసలు ఏం చేస్తే వస్తుంది, ఏం చేస్తే రాదు అని ఈనాడు అదే మనుషులను అడిగి చూడండి. ప్రశ్న అందరికీ కంఠస్థం, జవాబు ఎవరికీ పట్టలేదు. అంత గొప్ప ప్రచారం నుంచి మనం నేర్చుకున్న పాఠం ఏమిటంటే, ఇకమీదట ప్రశ్న కూడా వేయకూడదని.

ధైర్యం చేసి ఒక పిల్ల ఆస్పత్రికే పోయిందనుకుందాం. కౌమార ఆరోగ్య క్లినిక్, స్నేహపూర్వకం, గోప్యత గ్యారంటీ అని బోర్డు. పనిచేసేది ఓపీ వేళల్లో, అంటే చదివే పిల్ల బడిలో, చదవని పిల్ల కూలిలో ఉండే వేళల్లో. ఎలాగో వచ్చింది, పదిహేడేళ్లది, కడుపుతో ఉంది. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 లోపు ఇష్టపడినా నేరమే, సంగతి తెలిసిన డాక్టరు పోలీసులకు చెప్పకపోతే డాక్టరుదీ నేరమే. గర్భస్రావానికి వచ్చిన మైనరు పేరు, వివరాలు పోలీసులకు ఇవ్వనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వెసులుబాటు ఇచ్చింది. ఆ సంగతి ఆస్పత్రి గోడ మీద రాసి ఉండదు. గోడ మీద తల్లిపాల వారోత్సవం పోస్టరుంటుంది. బోర్డేమో స్నేహం, లోపల స్టేషను. అందుకని పిల్ల పక్కూరి ఆర్‌ఎంపీ దగ్గరికో, మందుల షాపు కుర్రాడి దగ్గరికో పోతుంది. క్లినిక్‌లో ఆ నెల కేసులు: సున్నా. నివేదికలో రాసేదేమో, "మండలంలో సమస్య లేదు."

పాఠం బడిలో ఆగింది కానీ లోకంలో ఎన్నడూ ఆగలేదు. ఒక తరానికి విజయవాడ డాక్టర్ సమరం గారు చెప్పారు, స్వాతి వారపత్రికలో ప్రశ్నలూ జవాబులుగా. మంగలి షాపులో వంతు కోసం కూర్చున్న పెద్దమనుషులు సీరియల్ చదువుతున్నట్టు మొహం పెట్టి ఆ పేజీయే చదివేవారు. ప్రభుత్వాలు చేయలేని పని ఒక డాక్టరు కలం చేసింది, సైన్సుతో, సిగ్గు పడకుండా. ఇంకొందరికి రైలుకట్ట పక్క గోడలు చెప్పాయి, గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యమని, లాడ్జీ రూము నంబరుతో సహా. ఇప్పుడు అందరికీ ఫోను చెబుతోంది. ఆ మాస్టారికి సెలవుల్లేవు, ఊరి పెద్దల భయం లేదు, రాత్రి డ్యూటీకి విసుగు లేదు. మందారం దగ్గర ఆగడు కూడా. ఆడది వద్దంటే ఔననే అర్థమని, బలవంతమే మగతనమని బొమ్మలేసి మరీ చూపిస్తాడు. తొమ్మిదో తరగతి కుర్రాడు అక్కడ పాసై వచ్చి మన బడిలో చేతులు కడుక్కునే విధానం నేర్చుకుంటున్నాడు. పిల్లలు చెడిపోతారని వణికిన పెద్దలే ఆ ఫోను వాయిదాల్లో కొనిచ్చారు.

చేయగలిగినవాళ్లు చేయలేదా అంటే, చేశారు. ఆదాయంలో మనం చిన్నచూపు చూసే జార్ఖండ్‌లో చేశారు. దేశమంతా ఈ పాఠం మీద తలుపులు వేస్తున్న రోజుల్లోనే, 2006 నుంచి అక్కడి ప్రభుత్వం అదే సరుకును 'ఉడాన్' అని పేరు మార్చి, స్థానికంగా తిరగరాసి, టీచర్లకు చెప్పే దమ్ము నేర్పి ప్రభుత్వ బడుల్లోకి తీసుకుపోయింది. బాలల అశ్లీల చిత్రాల కేసులో 2024 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని మంచి ఉదాహరణగా చూపింది. ఆ మరుసటేడు అక్టోబరులో అదే కోర్టు, ఈ చదువు తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా ఇంకా చిన్న వయసులోనే మొదలుపెట్టాలంది. అంటే కమిటీ ప్లస్ టూ అన్న పదహారేళ్లకు కోర్టు తొమ్మిదికంటే ముందే అంది. అప్పుడు పదేళ్లున్న పిల్లకు ఈ మధ్యలో పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఆపరేషను కూడా అయింది. దాని కూతురికి రేపోమాపో ఫ్లెక్సీకి ఆర్డరివ్వాలి.

ఇంతకీ వాకాడుకు తగినట్టు మలచడం అంటే ఏమిటి? కత్తెర పక్కన పెట్టి క్యాలెండరు చూడాలి, అంతే. తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఏడాదంతా పడవ మీదుండే పట్టపు కుర్రాళ్లు ఆ రెండు నెలలే ఒడ్డున, వల బాగుచేసుకుంటూ, పేకాడుకుంటూ, ఖాళీగా దొరుకుతారు. దాదాపుగా ఆ రెండు నెలలే మన కార్యక్రమానికి వేసవి సెలవులు! వాళ్లు ఒడ్డునుంటే బడి లేదు, బడి ఉంటే వాళ్లు సముద్రంలో. ఇంత కచ్చితంగా తప్పించుకోవడం కావాలని చేస్తే కూడా కుదరదు. పాలెంలో కాపులు, అంటే కులపెద్దలు, కూర్చుని దురాయి వేశారంటే ఆ కట్టుబాటు పోలీసు మాటకంటే ఎక్కువ చెల్లుతుంది. ఆడపిల్లకు పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే తప్పు అని ఆ కాపుల చేత ఒక్క దురాయి వేయించడానికి ఏ ప్రాజెక్టు ఆఫీసరైనా వాళ్ల రచ్చబండ మీద ఒక్క పూట కూర్చున్నాడా? ఆ రచ్చబండకు జీపు దారి లేదు మరి, ఇసుకలో నడవాలి.

యానాది కాలనీ సంగతి సరేసరి. వాళ్లు పీతల కోసం, చేపల కోసం, గుంటల కాపలాకు సంసారంతో సహా కదిలిపోతారు. పిల్లలు హాజరుపట్టీలో ఉంటారు, బడిలో ఉండరు. బడి పిల్లలకు పెట్టిన పాఠం వీళ్లకు అందదని సర్వే చేస్తే గానీ తెలియదా? గుంటగట్టు మీద గుడిసెకు సాయంత్రం పూట పోవాలి. ఆశా కార్యకర్త పోగలదు, ఆమెకు దారీ తెలుసు, పేర్లూ తెలుసు. ఆమెకివ్వాల్సింది ఇంకో రిజిస్టరు కాదు. నాలుగు నిజాలు చెప్పే అధికారం, చెప్పినందుకు మేనమామలు మీద పడితే అడ్డం నిలబడే పైఅధికారి. వాళ్ల మాటల్లో, వాళ్ల యాసలో, నవ్వులాటగా చెబితే గంటలో అయ్యే పని అది. మగపిల్లలకు వేరుగా, తప్పకుండా. పదహారేళ్లకే పెళ్లయినవాళ్లకు మరీ ముఖ్యంగా. ఎందుకంటే మన కార్యక్రమాల దృష్టిలో తాళి పడగానే కౌమారం ముగుస్తుంది, ఆ పిల్ల పురుడు పోసుకునే ఒళ్లు మాత్రం ఇంకా పదహారేళ్లదే.

మూల్యాంకనం కావాలంటారా, తప్పకుండా చేయండి. సంతకాల పుస్తకం జీపులోనే వదిలి రండి. బడిలో ముందు బెంచీ పిల్లలను అడగొద్దు, వాళ్లు మిమ్మల్ని సంతోషపెట్టడం ఎప్పుడో నేర్చుకున్నారు. ఏడాది తర్వాత వచ్చి, బడి మానేసిన పిల్లను అడగండి: నెలసరి ఎందుకొస్తుంది, కడుపు ఎలా వస్తుంది, వద్దనుకుంటే ఏం చేయాలి, ఎవడైనా చెయ్యేస్తే ఎవరికి చెప్పాలి, ఆస్పత్రిలో ఎవరి దగ్గరికి పోవాలి. వలలేసే కుర్రాడిని అడగండి: వద్దంటే ఏమని అర్థం, కండోమ్ ఎక్కడ దొరుకుతుంది, ఎందుకు. చెప్పగలిగితే కార్యక్రమం పాసు. పిల్ల తల వంచుకుని, కుర్రాడు పక్కవాడిని చూసి నవ్వితే ఫెయిలు. ఫెయిలైంది వాళ్లు కాదు. ఆ ఫలితాన్ని మాత్రం దాచకుండా ఫ్లెక్సీ వేయండి, వాకాడు సెంటర్లోనే, నిధులు తిన్నవారి ఫోటోలతో. మన సంస్కృతిలో దానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు.